వెనక వైపు

ఆదివారం త్రిస్తాన్ నర్వాహా వీధి సంతలో
పక్షుల పంజరాలకీ తుప్పు తాళాలకీ మధ్య
ఒలెగారియో బిస్కట్ డబ్బా.
గుప్పెడు నలభై పెసోలు. ఏరుకోకూడదు.
చేతికి ఏది వస్తే అది.

ఉన్ని గోదాములో ముప్పై ఒక్కేళ్లు
బేళ్ల మీద ముద్రలు చదివిన కళ్లు నావి.
సగం చెరిగినా ఏ ఎస్టేటు గొర్రెలో చెప్పేదాన్ని.
తపాలా బిళ్లలూ అంతే.
మాగ్యార్ అని ఉంటే హంగరీ.
హెల్వేషియా అంటే స్విట్జర్లాండ్.
పేరే లేకుండా రాణి తల ఒక్కటే ఉంటే ఇంగ్లండు;
నేను తెలియకపోవడమేమిటని దాని ధీమా.
వంకర రాతలుంటే మాత్రం
ఏది తలో ఏది కాలో ముందు తేల్చుకోవాలి.
ఒకసారి సుల్తాను సంతకాన్ని మూడు నెలలు
తలకిందులుగా ఉంచాను ఆల్బంలో.
క్లబ్బులో ఎవరూ తప్పు పట్టలేదు.
వాళ్లకీ తెలియదు.

ఈ ఎర్రది మొండికెయ్యలేదు.
గోరువెచ్చని నీళ్లలో పావుగంట,
కవరు ముక్క పాల మీది మీగడలా జారిపోయింది.
పొడుస్తున్న సూర్యుడు, గోధుమ కంకులు, మూడు చుక్కలు,
ఐదు కపేకలు.
లాత్వియా. పంతొమ్మిది వందల పద్దెనిమిది.
కాటలాగులో ఒకటో నంబరు.
గిన్నెలో మాతే చల్లారకముందే తేలిపోయింది.
కొంచెం నిరాశగా కూడా అనిపించింది.

ఆరబెడదామని బోర్లించాను.
వెనక తెల్లగా లేదు.

కాగితానికి కరువొచ్చిన రోజులట.
జర్మను సైన్యం వదిలేసి పోయిన యుద్ధపటాల వీపు మీద
కొత్త దేశం తన మొదటి బిళ్లలు అచ్చేసుకుందట.
ఒక్కో పటం రెండు వందల పైచిలుకు ముక్కలై
ఊళ్లు ఊళ్లుగా తపాలా సంచుల్లోకి వెళ్లిపోయిందట.

భూతద్దం కింద
వెంట్రుక మందాన నీలం గీత. వాగు.
పక్కన పొట్టి పొట్టి గీతలు. బురద నేల.
నల్ల చుక్కలు మూడు, ఇళ్లు కాబోలు.
అంచున ఒక ఊరి పేరు తోక మిగిలింది: హోఫ్.
తల పక్క బిళ్లకి పోయింది.

ఫిరంగి చక్రాలు దిగబడతాయా లేదా అని
ఎవడో చలిలో నిలబడి గీసిన వాగు.
ఆ తర్వాత ఇంకెవరో
దాన్ని తడిచేసి, బొటనవేలితో
ఒక ఉత్తరానికి అదిమారు.

నేను పుట్టింది ఆవలి ఒడ్డు కనిపించని నది పక్కన.
పంపేరో గాలి లేచిన రోజు ఆ మట్టినీళ్లు
గట్టు దాటి బస్సుల అద్దాల మీద చిమ్ముతాయి.
అంత నది పక్కన డెబ్బై రెండేళ్లు బతికి
ఇంత వాగు పేరు కోసం
మూడు రాత్రులు నిద్ర మానుకున్నాను.

గ్రంథాలయంలో ఆ దేశపు పాత పటం తీయించాను.
హోఫ్ తోక ఉన్న ఊళ్లు నలభై ఒకటి.
వాగు పక్కనున్నవి పదిహేడు.
అందులో వాగు ఎడమకి వంపు తిరిగేవి ఆరు.
ఆ ఆరింటిలో ఇప్పుడు ఊరనేది మిగిలినవి ఎన్నో
పటం చెప్పదు.
అక్కడ ఆగింది నా లెక్క.

గురువారం క్లబ్బులో
దోన్ ఎదెల్మీరో ముక్కున వేలేసుకున్నాడు:
"ముఖం గుర్తుపట్టాక వీపుతో ఏం పని?"
జవాబు దొరకలేదు. ఇంటికొచ్చి
దాన్ని ఆల్బంలో బోర్లా అంటించాను.
కింద దేశం రాశాను, సంవత్సరం రాశాను.
ఊరు అన్న చోట, పెన్సిలుతో, తోక మాత్రం.

వెర్రి ముసలిదనుకున్న ఒలెగారియో
ఇప్పుడు నాకోసం ఎర్రవి విడిగా తీసి ఉంచుతున్నాడు.
మొన్న ఆదివారం ఒకటి తిరగేసి
కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు చూశాడు.
"దోన్యా ఎల్బియా, దీంట్లోంచి రైలు పట్టా పోతోంది.
ముప్పై ఎక్కువవుతుంది."

పట్టా ఉంటే సరా, స్టేషనేదీ, అన్నాను.
ఇరవైకి దిగాడు.