ఒక్కదానికి ఉప్పెంత

రెండొందల పది మందికి
ఉప్పెంతనో నా చెయ్యికి తెలుసు.
కండ్లు మూసుకొని ఏస్తుంటి.
పప్పు గుండిగకు మూడు గుప్పిళ్లు,
పులుసుకు రెండున్నర,
పరీక్షల దినాలల్ల జెర తక్కువ,
పిల్లలు సగం తిని లేస్తరు గదా.

ఒక్కదానికి ఎంతనో
అరవై తొమ్మిదేండ్లు వచ్చినా తెల్వదు.

పార్శిగుట్టల, మూడంతస్తుల బిల్డింగుల
తొమ్మిదో నంబరు అర్ర నాది.
పింఛన్ల మూడో వంతు కిరాయి.
తానం చేసే కాడ పట్టుకోను ఇనుప కడ్డీ,
మంచం పక్కన గుంజితే మోగే ఎర్ర తాడు.
గడప లేదు.
గడప లేని ఇల్లేందని మొదలు అడిగిన.
కాలు తట్టి పడకుండ అవ్వా, అన్నరు.
గడప ఉండే జాగల నేలకే పసుపు రాసి
రెండు బొట్లు పెట్టుకున్న.

నారాయణగూడ హాస్టల్ల
నలభై ఒక్కేండ్లు స్టోరురూముల పండిన.
బియ్యం బస్తాలకు ఒక దిక్కు నేను,
ఇంకో దిక్కు ఎలుకలు.
గొళ్లెం బయిటి దిక్కే ఉంటుండె.
ఒక్కోనాడు వార్డెనమ్మ మర్చిపోయి
నన్ను లోపల్నే ఉంచి తాళమేస్తుండె.
తెల్లారి నవ్వుకుంట తీస్తుండె.
నేను గూడ నవ్వుతుంటి.

ఈడ గొళ్లెం లోపలి దిక్కు.
మొదటి రాత్రి ఏసిన, తీసిన, మల్ల ఏసిన,
పక్క అర్ర ఖైరున్నీసా గోడ మీద కొట్టి
"క్యా హువా మొగులమ్మా" అనేదాంక.

లిఫ్టు కాడ పెంటయ్య కూసుంటడు.
ఆబిడ్స్ల బట్టల దుకాణంల
ముప్పై ఏండ్లు స్టూలు మీద కూసొని
మందిని ఎక్కిచ్చి దించినోడు.
ఇప్పటికీ ఎవలొచ్చినా "ఎన్నో అంతస్తు?" అంటడు.
ఉన్నయే మూడు.
ఒక్కడే ఎక్కినా అడుగుతడట, తననే.

మంగళారం మంగళారం కావేరి వస్తది,
బీపీ మిషను, గోలీల డబ్బా, ఒక కాయితం తీస్కొని.
"నీ అంతట నువ్వు తానం చేస్తవా అవ్వా?"
చేస్త.
"మెట్లెక్కుతవా?"
కడ్డీ పట్టుకొని.
"ఒండుకుంటవా?"
గీడ ఆగిన.
ఒండుడు వేరే బిడ్డా,
ఒండుకునుడు వేరే.
ఆ పిల్ల పెన్ను పట్టుకొని నా దిక్కే సూసింది.
కాయితం మీద రెండే గళ్లు: అవును, కాదు.

శ్రావణంల ఒకనాడు
గోడ తిరిగింది, ఫ్యాను తిరిగింది,
ఎర్ర తాడు గుంజిన.
ముందుగాల పెంటయ్యే వచ్చిండు, చెప్పుల్లేకుండ,
జిందగీల మొదటిసారి మెట్లెక్కి.
ఎనక వాచ్‌మన్. ఫోన్ల కావేరి.
షుగర్ పడిందన్నరు, నోట్ల చక్కెర పోసిండ్రు.
పొద్దటి నుంచి ఎందుకు తిన్లే అని అందరు అడిగిండ్రు.
ఏం చెప్పాలె?
పప్పు మల్ల ఉప్పుకశమైంది, పారబోసిన
అని చెప్తె నవ్వరా,
గుండిగలు దించిన మొగులమ్మను సూసి?

దసరా ఎల్లినంక కమిటీ సారు వచ్చి
కింద వంటగది తెరుస్తమన్నడు.
ఇరవై నలుగురం ఉన్నం గదా,
నువ్వే ఒండరాదు అవ్వా,
పొద్దు పోతది, నాలుగు పైసలొస్తయ్.
అందరు నా దిక్కే సూసిండ్రు.
ఖైరున్నీసా గూడ.
నా చెయ్యి సూడు, సిగ్గులేంది,
అడగకముందే గుప్పిలి కట్టింది.
ఇరవై నలుగురికి లెక్క
అప్పుడే దొరికింది దానికి.

వద్దు బిడ్డా, అన్న.
ఎందుకవ్వా?
నేర్సుకుంటున్న, అన్న.
ఏందనేది చెప్పలే.

పెంటయ్యకు కోపమొచ్చి రెండు దినాలు
నన్ను ఎన్నో అంతస్తని అడగలే.

ఇయ్యాల పచ్చిపులుసు చేసిన.
పావుశేరు గిన్నెల, ఒక్క ఉల్లిగడ్డ.
గొళ్లెం పెట్టి కూసున్న.
ఉప్పు తక్కువైంది.
ఎవ్వలు అనలే.
నేనే అన్న.
రెండు వేళ్ల నడుమ పట్టినంత తీసి
నేనే ఏసుకున్న.