మూడు గుర్రాల చల్లదనం

మే నెల. ఎర్రముక్కపల్లి సర్కిల్లో
తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటాంటే
కరుణమ్మ సిస్టరు తన ఫియెట్టును
నా షెడ్డు ముందర ఆపి
దిగకుండానే అనింది:
"దీనికి ఏసీ పెట్టు నాయనా."

నేను నవ్వినా.
యాభై ఏండ్ల బండి. గేరు స్టీరింగు పక్కన.
నలభై గుర్రాల ఇంజను,
వాటిల్లో ఎన్ని ఇంకా లేచి నిలబడతాండాయో ఎవరికెరుక.
"కంప్రెసరు ఒక్కటే మూడు గుర్రాల్ని మింగుతాదమ్మా.
డైనమో చాలదు. రేడియేటరు మార్చాల.
ఆ దుడ్లకు ఇంకో బండే వస్తాది."

ఆమె డోరు సంచిలోంచి విసనకర్ర తీసింది.
తాటాకుది. అంచుకు కుట్టిన గుడ్డ మాత్రం కొత్తది.
"ఎనక సీట్లో నొప్పులు పడేవాళ్లకు
ముప్పై ఏండ్లు దీంతోనే విసిరినా.
డ్రైవరూ నేనే, విసిరేదీ నేనే.
గేరు మార్చేటప్పుడు మాత్రం దేవుడు చూసుకునేవాడు.
ఏడుమంది ఆస్పత్రిదాకా ఆగలేక ఈడ్నే పుట్టినారు.
ఇంక నాకెవరన్నా విసరాల గదా?"

బేరం ఆడలేదు నేను.

దీనికి సరిపోయే బ్రాకెట్టు ఏ అంగట్లోనూ లేదు.
అట్టముక్క కోసి, పెట్టి చూసి, చించేసి, మళ్లీ కోసి,
అరంగుళం ఇనుమును
కంప్రెసరుకు ఒడి మాదిరి చెక్కించినా.
డ్యాష్‌బోర్డు కింద ఆమె మోకాలికి తగలకుండా
చల్లపెట్టె వేలాడదీసినా.
అంతా బాగానే జరిగింది గాని
ఇంజనుకూ మనుషులకూ నడుమ ఉండే రేకుకు
తూటు వేసే రోజు
డ్రిల్లు పట్టుకొని సగం పూట కూర్చున్నా.
ఒక్క తుప్పు మచ్చ లేదు దానికి.
"పొడిచేయన్నా" అంటాడు షావలి. వాని వయసెంత!
చెవులు కుట్టేటప్పుడు
బిడ్డను ఒళ్లో పట్టుకున్న మేనమామ మాదిరి
నేనే కండ్లు మూసుకున్నా.

తర్వాత రబ్బరు పని.
గాలి తొంగిచూసే ప్రతి సందుకూ రబ్బరు.
పుట్టినప్పటినుంచీ మూసుకోవడం తెలీని బండి అది.
అద్దాలన్నీ ఎక్కించి, మూలల్లోని మూడుమూలల అద్దాలు బిగించినామా,
లోపలినుంచి వాసన లేచింది.
డెట్టాలు. పాత రెగ్జిను. ఇంకేందో.
సిస్టరు ఒక నిమిషం మాట్లాడలేదు.
"సీటు మార్చొద్దు" అనింది.
మారుస్తానని నేను అనలేదు.

గ్యాసెక్కించి, ట్రయలుకు
గువ్వలచెరువు ఘాట్ దారి పట్టినాం.
కడప దాటేదాకా రాణి మాదిరి పోయింది బండి.
బయట కొండలు వేడికి వణుకుతాంటే
షావలి ఎనక సీట్లో ముడుక్కొని "చలన్నా" అన్యాడు,
అబద్ధమే, సంతోషానికి.
మూడో మలుపు కాడ సూది ఎర్రగీత ముట్టింది.
"ఆపెయ్యమ్మా ఏసీ! ఎక్కడమా, చల్లబరచడమా,
ఒక్కటే చేస్తాది ఇది."

ఆమె మీట తిప్పింది. అద్దం దించింది.
వడగాలి బంధువు మాదిరి అడగకుండా లోపలికొచ్చింది.

పైన పాలకోవా అంగళ్ల ముందర ఆపి బానెట్టెత్తినా.
ఆవిరి. కాలిన నూనె వాసన.
నేను నీళ్లకు పోయి వచ్చేసరికి
సిస్టరు ఇంజను ముందర నిలబడి
ఆ తాటాకు విసనకర్రతో విసరతాండాది,
తొందర లేకుండా, మణికట్టు మాత్రమే తిప్పి.
"పీల్చు... వదులు... ఇంకొంచెమే తల్లీ" అంటాండాది,
ఎవరున్నారో ఎవరు లేరో చూసుకోకుండా.

షావలి నవ్వబోయి ఆగినాడు.
బండి కింద పైపులోంచి
చల్లపెట్టెలో మిగిలిన నీళ్లు బొట్టుబొట్టుగా కారతాంటే
అంగడి కుక్క ఒకటి వచ్చి నాకతాండాది.
నేను కోవా కొనడానికి పోయినా.
చిల్లర లేదన్నారు.