పదిహేడో గీత

సొహార్‌లో రాత్రి రెండున్నర.
సముద్రాన్ని తాగేనీళ్ళు చేసే ప్లాంటు వెనక, కంటైనర్ గదిలో
నా ముందు అరచేతంత బోర్డు.
మూడో పంపు మాట వినడం లేదని
దీన్ని విప్పి నా చేతికిచ్చి పడుకోడానికి వెళ్ళారు.

తెర మీద మళ్ళీ అదే వాక్యం:
ఇంటరప్ట్ పదిహేడు, ఎవరూ పట్టించుకోలేదు.

కెర్నెల్‌కి దయలేదని అనను.
లక్షసార్లు తలుపు తట్టిన చప్పుడు విన్నది.
విన్న ప్రతిసారీ లోపలివాళ్ళని లేపి అడిగింది,
నీకోసమా?
ఆ గీత మీద పేరు రాయించుకున్నది గడియారం ఒక్కటే.
నాకోసం కాదు, అంది. లక్షసార్లూ కాదంది.
అప్పుడు గొళ్ళెం పెట్టేసింది.

మరి తట్టేదెవరు?
టీ పొడి అట్టపెట్టె చింపి బాణాలు గీశాను.
ట్యాంకులో నీటిమట్టం చూసే కన్ను
పక్కనున్న చిన్న చిప్‌కి చెబుతుంది.
ఆ చిప్ పదిహేడో గీత పట్టుకుని ప్రాసెసర్‌కి చెబుతుంది.
చిప్ తరఫున పలకాల్సిన డ్రైవరేమో
ఇంకా గేటు బయటే ఉంది.
కరెంటు లేనిదే రాలేనంటోంది.
కరెంటు ఇచ్చే రెగ్యులేటరు కూడా బయటే ఉంది:
నాకు జ్వరమొస్తే కబురు చేరే దారి ఉండాలి,
ఆ దారి చిప్ లోంచే పోతుంది,
ముందు చిప్‌ని రానీ, అంటోంది.
కెర్నెల్ ఇద్దరికీ ఒకే జవాబు చెప్పి పంపుతోంది:
ఇప్పుడు కాదు, తర్వాత రా.
ఇద్దరూ వెళ్తున్నారు. ఇద్దరూ వస్తున్నారు.

ఏసీ కోసం మూల కూర్చున్న ట్యాంకర్ డ్రైవరు ఓదేలు
అట్టముక్క వైపు మెడ సాచి చూశాడు.
వచ్చి పంతొమ్మిది రోజులు. పడక ట్యాంకర్ క్యాబిన్‌లో.
గది ఇచ్చేవాడు కార్డు తెమ్మంటాడు,
కార్డు ఇచ్చేచోట గది కాగితం తెమ్మంటారు.
బాణాలు చెప్పగానే అర్థమైంది, నాకన్నా తొందరగా.
"పిచ్చి కుదిరితే గని పెండ్లి గాదు" అని మొదలుపెట్టి
మిగతా సగం నవ్వులో వదిలేశాడు.
కాసేపటికి, గ్లాసు కడిగి బోర్లిస్తూ,
"ఎవలో ఒకలు ముందుగాల లేవాలె గద మేడం.
జరమొస్తే సూస్కుందురు."

జ్వరమొస్తే చూసుకుందురు.

ఎనిమిదేళ్ళ నుంచి ఈ పని నాది.
ఎవరు ఎవరి మీద ఆనుకున్నారో రాసే ఫైల్లో
ప్రతి బాణాన్నీ ఇనుపకడ్డీలానే గీశాను ఇన్నాళ్ళూ.
కొన్ని బాణాలు లేకపోతే ప్రాణం పోతుంది,
కొన్ని లేకపోతే భయం వేస్తుంది, అంతే.
రెండింటికీ ఒకే సిరా వాడాను.

ఆ ఒక్క బాణాన్ని చెరపలేదు, చుక్కలు చేశాను.
రెగ్యులేటరు ముందు లేస్తుంది.
దాని జ్వరం కబురుకి దారి తర్వాత కలుస్తుంది.
రాసి, బోర్డుకి ప్రాణం తీసి, పది లెక్కపెట్టి ఇచ్చాను.

కరెంటు. చిప్. కన్ను.
పదిహేడు తట్టింది.
లోపల్నుంచి ఎవరో, ఆఁ, అన్నారు.

పంపు కదిలేసరికి ఫజర్ అజాన్ అయిపోయింది.
గేటు దగ్గర షంబే తన ప్లాస్కు మూత బిగిస్తున్నాడు.
ఓదేలు సీటు వెనక్కి వాల్చి, కాళ్ళు స్టీరింగు మీద పెట్టి
నిద్రపోతున్నాడు.
అతని కాగితాల్లో ఏ బాణం చుక్కలది చేయొచ్చో
తెలిసిన కౌంటరు ఆదివారం ఎనిమిదింటికి గానీ తెరవరు.
నా పేరున గది రాయించొచ్చా అని ఆలోచించాను.
ఆలోచించాను, అంతవరకే చెప్పగలను.

మార్పుకి కారణం రాయమనే చోట
ఇలా రాశాను: ఓదేలు అన్నట్టు, ఒకరు ముందు లేవాలి.
హైదరాబాద్ ఆఫీసులో చూసేవాళ్ళు
ఓదేలు ఎవరు, ఏ టీమ్ అని అడుగుతారు.
అడగనీ.