వేలు పడిన పేజీ

"క్లౌడ్ అంటే మొగులే గదా బిడ్డా"
అన్నాడు వహీదుద్దీన్ సాబ్,
మైదా గంజిలో మైలుతుత్తం కలుపుతూ.
"మొగులైతే చాలు, టార్పాలిన్ పట్టుకొని ఉరికేటోళ్లం.
ఇప్పుడు కితాబులన్నీ తీస్కపోయి దాంట్లనే పెడ్తరా?"

మూసీ వైపు కిటికీలున్న రెండో అంతస్తు.
కిందటి వానాకాలం కారిన చార
మూడో బీరువా మీద ఇంకా ఉంది.
నేను జవాబు చెప్పలేదు.
కెమెరా కింద పశువైద్యం పుస్తకం పెట్టాను.
రాసినవాడి పేరు లేదు, మొదటి పేజీలు లేవు,
ఎవరిదో ఎద్దు కుంటిన సంగతి మాత్రం
అంచున చిన్న అక్షరాల్లో ఉంది.

ఆయన పేజీ పట్టుకుంటాడు, నేను మీట నొక్కుతాను.
సాయంత్రానికి నూట నలభై.

రాత్రి ఆ బొమ్మలు చదరం చదరంగా ముక్కలవుతాయి,
శాలిబండ దుకాణంలో అద్దాలు కోసినట్టు.
ఎవరు అడిగినా అడిగే పద్ధతి ఒక్కటే:
ఏ పేజీ, ఏ మూల, ఎంత పెద్దగా, ఎటు తిప్పి, ఏ రంగులో.
గీతకూ గీతకూ మధ్య అంతే.
కార్డు చూపమనదు. ఎవరి తాలూకు అనదు.
తంజావూరు బీరువాకీ ఇదే ప్రశ్న, మా బీరువాకీ ఇదే.
ఎంత అడిగితే అంతే ఇస్తుంది,
పెళ్లిలో కొసరి కొసరి వడ్డించేవాడిలా కాదు.

రెండు వందల పన్నెండో పేజీ తనిఖీలో వెనక్కి వచ్చింది:
"వేలు పడింది. మళ్ళీ తీయండి."
తీయడానికి లేదు. మడత దగ్గర ఆ కాగితం
అప్పటికే అప్పడంలా విరిగింది.
అలాగే ఎక్కించాం,
కింది కుడి మూలలో ఒక బొటనవేలితో,
గోరు చుట్టూ తుత్తం నీలంతో.

భాద్రపదంలో ఉట్నూరు నుంచి మెయిల్.
ఆత్రం జంగుబాయి, పశువుల దవాఖానాలో పని.
సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు మెట్లెక్కుతుందట.
అక్కడ పుస్తకమంతా రాదు,
ఆ మూల మాత్రం వస్తుంది.
"గాలికుంటుకు ఏ ఆకో ఉంది. ఎంత వేయాలో
వేలి కింద ఉన్నట్టుంది. కొంచెం చూసి చెప్పండి."
చోటు నాలుగు అంకెల్లో పంపింది:
ఎడమ నుంచి ఇంత, పైనుంచి ఇంత,
ఇంత వెడల్పు, ఇంత ఎత్తు.
వహీదుద్దీన్ సాబ్ సొంతిల్లు లేని మనిషి.
ఆయన వేలికి మాత్రం ఒక చిరునామా ఉందన్నమాట.

ఫోన్‌లో చూపించాను. పెద్దది చేశాడు,
ఇంకా పెద్దది చేశాడు,
గోటిలో చీలిక దాకా వెళ్లి నవ్వాడు.
తెలుగు చదవడం రాదు ఆయనకి.
నలభై ఏళ్లుగా చదవని పుస్తకాలకు వీపులు కుడుతున్నాడు.
"దీని కింద ఏముందో గుర్తుందా సాబ్?"

చాలాసేపు మాట్లాడలేదు.
"అక్షరం కాదు బిడ్డా, తొర్ర. పురుగు తిన్నది.
ఫోటో దిగేటప్పుడు చిరుగు కనవడితే
మంచిగుండదని నేనే మూసిన."

బయట మొగులు పట్టింది. ఆయన లేచి
అలవాటుగా టార్పాలిన్ కోసం చూస్తున్నాడు.
జంగుబాయికి రెండుసార్లు రాసి చెరిపాను.
చివరికి ఇలా పంపాను:
"ఇక్కడ లేదండీ. ఆ ఆకు ఎంత వేస్తారో
మీ దగ్గర ముసలివాళ్లకెవరికైనా తెలిస్తే రాయండి.
ఆ నాలుగు అంకెల మీదే అతికిస్తాం."