ఏడో వారం

మా ఇంటికి ఆదివారం
ఏడు వారాలకోసారి వస్తుంది.
మిగతా ఆరుసార్లూ
మంగళవారం వేషంలోనో గురువారం వేషంలోనో వచ్చి
ఎవరూ పలకరించక వెళ్ళిపోతుంది.
పిల్ల బడిలో, నేను కుట్టుమిషను మీద,
ఆయనొక్కడే టీవీ ముందు
గొంతు తగ్గించిన వార్తలతో.

గోడమీద క్యాలెండరులో
ఎర్రంకెలకి కూర్మన్నపాలెంలో విలువ లేదు.
నీలం పెన్నుతో ఆయన రాసుకున్న అక్షరాలే మా పంచాంగం:
ఏ, బి, సి, ఆఫ్.
నాకు ఆఫ్ ఏ గడిలోనూ లేదు,
వెతకడం మానేశాను.

కింద వాటాలో తారకేశ్వరికి
ఋషికొండలో కంప్యూటరు ఉద్యోగం.
ఆమె ఆదివారం శుక్రవారం సాయంత్రమే మొదలవుతుంది.
ఓ వారం అరకు, ఓ వారం లంబసింగి మంచు.
తిరిగొచ్చిన రాత్రి మెట్ల మీద ఎదురై
"అప్పుడే అయిపోయిందక్కా" అంటుంది.
రెండు రోజులున్నా అయిపోతుందన్నమాట.
ఎందుకో ఆ మాట నాకు ఊరట.

ఇది ఏడో వారం.
ఆరు వారాల పనులు గుమ్మంలో వరసగా నిలబడ్డాయి:
కారే కుళాయి,
కాలు విరిగిన స్టూలు,
కంచరపాలెంలో ఆడపడుచు అలక,
బీచికి తీసుకెళ్తానని కుసుమకిచ్చిన మాట.
ఆ మాటకి అయిదు నెలలు నిండాయి.

సెలవని చెప్పినా ఆయన ఒళ్ళు వినదు.
నాలుగున్నరకే లేచి
చీకట్లో బూట్ల కోసం తడిమాడు.
"ఏటది, ఈరోజు ఆదివారం" అన్నాను.
"అవునా" అన్నాడు,
ఎవరో పెద్దమనిషి పేరు విన్నట్టు.

వంజరం తెస్తానని హార్బరుకెళ్ళి
కవ్వళ్ళు తెచ్చాడు.
వంజరం ధర మాత్రం నాలుగుసార్లు చెప్పాడు,
చెప్పినప్పుడల్లా ఓ యాభై పెంచి.
పులుసు మరిగేలోపు
కుళాయి బిగించబోయి ఉన్న మర ఊడగొట్టాడు.
కొలిమి దగ్గర చెయ్యి వణకని మనిషి
వంటింటి నీళ్ళకి ఓడిపోయి
గుడ్డ చుట్టి వదిలేశాడు.

తిన్నాక కునుకు.
ఆ కునుక్కి ఇల్లంతా కాపలా.
మిషను తొక్కను, మిక్సీ వెయ్యను,
కుసుమ ఎక్కాలు గుసగుసగా చదువుతుంది.
నాలుగింటికి లేపుదామని భుజం మీద చెయ్యి వేసి
వెనక్కి తీసుకున్నాను, రెండుసార్లు.
మూడోసారి కుసుమ వేసింది,
తియ్యలేదు.

బీచి రోడ్డులో ఊరు ఊరంతా ఉంది.
జలాంతర్గామి ముందు క్యూ.
గుర్రం ఎక్కించారని ఏడ్చే పిల్లాడు,
ఎక్కించలేదని ఏడ్చే పిల్లాడు.
కొత్త జంట ఫొటో వెనకాల
ఎవరెవరివో మోకాళ్ళు.
మురీ మిక్చరు బండి దగ్గర పైడమ్మ
ఉల్లిపాయ తరగడం ఆపకుండానే అంది:
"నాకు ఆదివారమంటే సోమారం తల్లీ,
మీరంతా ఎల్లిపోయాక."
ఇద్దరం నవ్వుకున్నాం.
నిమ్మకాయ ఓ చుక్క ఎక్కువ పిండింది.

దూరంగా ఓడలు,
పోర్టు పిలుపు కోసం లంగరేసుకుని
దీపాలు పెట్టుకుని.
"వాటికి సెలవెప్పుడు నాన్నా?"
"ఇదే" అన్నాడాయన.
అని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

లేచేసరికి మోకాళ్ళదాకా ఇసక.
"ఇలాగైతే రేపు బి షిఫ్టుకెళ్ళలేవు కదా" అంది కుసుమ,
ఇంకో దోసెడు పోసి తట్టి.
ఆయన కాళ్ళు కదపలేదు.
పోలీసు ఈల వినిపించినా
కాసేపు కదపలేదు.

సోమవారం ఒంటిగంటకి బూట్లు వేసుకుని వెళ్ళాడు.
ప్యాంటు నానబెడితే
బకెట్టు అడుగున గుప్పెడు ఇసక.
తులసి కుండీలో పోశాను, ఇంకెక్కడ పొయ్యను.

సాయంత్రం గాజువాక వెళ్ళి
నూటడెబ్బై పెట్టి కొత్త కుళాయి తెచ్చాను,
నేనే బిగించాను. చుక్క కూడా కారడం లేదు.
ఆయన చుట్టిన గుడ్డ మాత్రం
మళ్ళీ దానికే చుట్టి ఉంచాను.