విరగని పాలు

నలభయ్యో రోజు
ఉడికించిన గోధుమలు అందరికీ పంచి
చర్చి గిన్నె కడిగి బోర్లించి
కొట్టు తలుపు తీశాను.
లోపలంతా ఇంకా ఆయన వాసనే:
సోంపు, పొగాకు, తడిసిన తాడు.

చలికాలం ప్లొమారిలో కొట్టుకి పనేముంటుంది?
పడవలు ఒడ్డున బోర్లా పడుకున్నాయి.
నలుగురు ముసలివాళ్ళు,
జోకరు పోయిన పేకముక్కల కట్ట,
కుంటి బల్ల కాలికింద మడిచిపెట్టిన అట్టముక్క,
అరలో సగం సీసా ఊజో.
ఆయన తాగి మిగిల్చింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు
సీసా వంచే పని నాది,
రుచి చెప్పే హక్కు ఆయనది.
"నీళ్ళు తప్ప ఇంకేదీ కలపకూడదు.
నిమ్మకాయ చేపకి, మిర్సినీ, ఊజోకి కాదు"
అనేవాడు, సువార్త చదువుతున్నట్టు.
చక్కెర మాటెత్తితే
వాళ్ళమ్మని తిట్టినట్టు మొహం తిప్పుకునేవాడు.

చెడ్డవాడు కాదు. అదీ చెప్పాలి.
నాకు జ్వరమొస్తే
ఛాతీకి ఇదే ఊజో రుద్ది
తెల్లవార్లూ కుర్చీలో కూర్చున్నవాడు.
ఒక్క నిమ్మకాయ దగ్గరే
రాయి.

పెరట్లో నిమ్మచెట్టు ఈ ఏడు విరగకాసింది.
చావింట్లో అంత పసుపేమిటని
పక్కింటావిడ కళ్ళతోనే అడిగింది.
చెట్టుకేం తెలుసు?
మూడు కాయలు కోసి
బల్లమీద అరచేత్తో దొర్లించాను,
రసం వదులయ్యేదాకా కాదు,
చెయ్యి వణకడం ఆగేదాకా.

చెంచాడు చక్కెర, ఒక కాయ రసం.
గరగర తగ్గేదాకా కలిపి
రెండువేళ్ళ ఎత్తు ఊజో పోశాను.
మంచినీళ్ళలా ఉంటుంది అది
ఏ పాపమూ ఎరగనట్టు.
తర్వాత నీళ్ళు, సన్నటి ధారగా.
అప్పుడు చూడాలి!
అడుగునుంచి ఓ మబ్బు లేచి
గ్లాసంతా కమ్ముకుంది.
మంచుగడ్డలు ఆఖర్న.
ముందే వేస్తే ఊజో అలిగి
పైన పొలుసులు కడుతుంది.
అది ఆయన నేర్పిందే.
ఈ ఒక్కటీ ఆయన మాటే విన్నాను.

పాలలో పులుపు చుక్క పడిందా,
ఇక ఆ పూటకి పాలు లేనట్టే
అనేది మా అమ్మ.
గ్లాసు పట్టుకుని చాలాసేపు చూశాను.
అదీ తెల్లగా నన్నే చూసింది.
విరగలేదు.
నిమ్మకాయ పిండినా విరగని పాలు
లోకంలో ఇవేనేమో.

తక్సియార్హిస్ ముక్క ఎత్తిన చెయ్యి
గాల్లోనే ఆపేశాడు.
"స్త్రాతిస్ చూస్తే?"
"చూడనీ."
ఇంకొకడు శిలువ గీసుకున్నాడు,
నవ్వుతాలకో నిజానికో తెలీదు.

తాగాను.
ముందు సోంపు, చిన్నప్పటి దగ్గుమందులా.
వెనకే పులుపు వచ్చి నాలిక అంచు కొరికింది.
బాగుందా అంటే,
నిజం చెప్పొద్దూ,
చక్కెర ఎక్కువైంది.
తప్పు నాదే.
ఎన్నాళ్ళకి ఒక తప్పు
అచ్చంగా నాదే!

కిటికీ పక్కన ఇగ్నాతిస్,
తొంభై దాటినవాడు, సగం చెవిటివాడు,
కర్రతో నేలమీద టకటక కొట్టాడు.
"నాకూ ఒకటి చెయ్యవే" అని,
అరలోని సీసావైపు ఓరగా చూసి,
గొంతు తగ్గించాననుకుని గట్టిగా,
"వాడికి చెప్పకు" అన్నాడు.

ఎవరు ముందు నవ్వారో గుర్తులేదు.
నేనే అయ్యుండాలి.

చెట్టు దగ్గరికి రెండుసార్లు వెళ్ళొచ్చాను.
చీకటిపడే సరికి
బల్లనిండా పిండేసిన డిప్పలు, గింజలు, జిగట.
నలుగురూ టోపీలు మరిచిపోయి ఇళ్ళకెళ్ళారు.

సీసా అడుగున ఒక్క గుక్క మిగిలింది.
నిమ్మ కలపలేదు, చక్కెర కలపలేదు.
గుమ్మం బయట ఆయన కుర్చీ వేసుకునే చోట
రాతిపలక మీద పోశాను.
లోపలికి తిరగబోతుంటే
సముద్రంమీంచి తుంపర మొదలైంది.

ఆగి చూశాను.
రాతిమీద ఆయన వాటా
చుక్క చుక్కకీ
తెల్లబడుతోంది.