రెండో పూత

ముప్పై రెండేళ్లు షిప్‌యార్డులో ఓడలకి రంగేసినవాణ్ణి.
తెల్లరంగులో ఎన్ని తెలుపులున్నాయో
నాకెవరూ చెప్పక్కర్లేదు, హేమసుందర్ బాబూ!
గాజువాక దాటాక ఆ చల్లటి షోరూంలో
నువ్వు విప్పిన రంగుల అట్ట మీద
నేను వేలు పెట్టింది ఏడో గడిలో.
తుపాను కబురు విని వలలు ఒడ్డుకి లాగేశాక
యారాడ కొండ కింద నీళ్లు తిరిగే రంగు అది.
కంపెనీ దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టింది,
నోరు తిరగలేదు.
రసీదు వెనక నా పేరు నేను రాసుకున్నాను:
వానముందరి నీలం.

"ఈ ఊళ్లో ఇంకెవరూ అడగలేదు సార్,
ప్రత్యేకంగా చేయించాలి, మూడు నెలలు."
ఇరవై ఒక్క వేలు కట్టాను.
ఓడకైతే మూడేళ్లు ఆగేవాళ్లం, కారుకేముంది?
పైకప్పుకి అద్దం వద్దన్నాను, ఉప్పుగాలికి రబ్బరు నిలవదు.
సీటు ఎత్తుండాలన్నది అప్పలనరసమ్మ, మోకాళ్ల కోసం.

మూడు ఐదయ్యాయి.
"ఏటయ్యా, బండి కంటన్నారేటి ఆళ్లు?" అంది.

ఓ మంగళవారం ఫోనొచ్చింది.
బండి వచ్చింది, దాంతో ఓ కాగితం కూడా.
హ్యాండ్లింగు, పదకొండు వేలు.
ఎవరు మోశారు బాబూ, ఏ భుజం మీద?
పెద్ద క్రేన్ల కింద బతికాను నేను,
ఎత్తినందుకు విడిగా డబ్బులడిగిన క్రేనుని చూళ్లేదు.
అడుగున తుప్పు పట్టకుండా పూత, పద్దెనిమిది వేలు.
అదీ నాకే అమ్ముతున్నావు!
చివర్న ఓ నలభై వేలు,
దానికి పేరు పెట్టడానికి కూడా నీకు సిగ్గేసినట్టుంది,
"ఇతరములు" అని ఉంది.

పూర్ణా మార్కెట్లో వంకాయలమ్మే మనిషి కూడా
తూచాక ధర మార్చదు.
నేను ఆర్డరు ఫారం చూపిస్తే
నువ్వు దాని వీపు చూపించావు.
చీమ కాళ్లంత అక్షరాలు.
నా కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి.
"కాదంటే వేరేవాళ్లు రెడీగా ఉన్నారు సార్."

ఉన్నారు, నిజమే.

తొమ్మిదో రోజు సంపత్ వినాయకుడి గుడి ముందు
వరసలో నాలుగోది.
స్కూటర్లకీ ఓ కొత్త ట్రాక్టరుకీ మధ్య
పసుపు బొట్టుతో, బంతిపూల దండతో
నా వానముందరి నీలం.
నంబరు పోల్చుకున్నాను అద్దం కింద,
చివరి నాలుగంకెలూ నా రసీదులోవే.
పంతులుగారు పేరడిగితే
"సుధేష్ణ, కేజీహెచ్‌లో నర్సుని" అందో అమ్మాయి,
ఆయన నవ్వి, ఉద్యోగం దేవుడికక్కర్లేదమ్మా అన్నాడు.

కోపంతోనే వెళ్లాను దగ్గరికి. ఆ మాట దాచను.
కానీ చెయ్యి ఊరుకోదు కదా.
వెనక ఎడమ తలుపు మీద ఆనింది.
అక్కడ ఆగిపోయింది.
గరుకు. నారింజ తొక్కలా.
యార్డులో ఎక్కడో గీరుకుపోతే గుట్టుగా వేసిన పూత,
పక్క తలుపు కంటే ఓ పిసరు పచ్చగా.
కంటికి దొరకదు. వేలికి దొరుకుతుంది.

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు.
అవి చిట్లేదాకా ఆగాను.
చేత్తో తెచ్చిన సంతోషాన్ని
మనం తోసి కింద పడెయ్యకూడదు.

తర్వాత అడిగాను: "ఎంత ఎక్కువ తీసుకున్నారమ్మా?"
"యాభై ఐదు వేలు... మీరెవరండీ?"
ఏం చెప్పను?
ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని తలుపు మీద పెట్టాను.
రోజుకి వంద నాడులు చూసే వేళ్లు,
వాటికి అర నిమిషం చాలింది.

ఇప్పుడు ఒకే బండికి ఇద్దరం ఫిర్యాదీలం.
వినియోగదారుల కమిషన్‌కి కాగితాలు రాస్తూ
లాయరు మజ్జి సత్యవాణి గారు
వాహనం రంగు అన్నచోట "నీలం" అని రాసి ఊరుకున్నారు.
పెన్ను ఇలా ఇమ్మన్నాను.